వంతు పనికి పెట్టండి, మనిషికి కాదు



ప్రతి సంచికలో ఏదో ఒక జబ్బు గురించి, దాని మందుల గురించి మీరు చదువుతూ ఉన్నారు. ఈసారి జబ్బుపడిన మనిషి చుట్టూ ఉండే ఇంటివాళ్ల గురించి నాలుగు మాటలు రాయదలచాము. మందు ఎంత మంచిదైనా, దాన్ని వేళకు అందించే చెయ్యి ఇంట్లో లేకపోతే అది డబ్బాలోనే ఉండిపోతుంది. కాబట్టి ఇది కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయమే.

మన జుక్కల్ ప్రాంతంలో ఏ ఇంటికి వెళ్లి అడిగినా కుటుంబ విలువలు ఏమిటో ఒకే విధంగా చెబుతారు. తల్లిదండ్రులను చూసుకోవాలి, అన్నదమ్ములు కలిసి ఉండాలి, ఇంటి ఆడబిడ్డ కంట నీరు పెట్టించకూడదు, ఉన్నది పంచుకుని తినాలి, కష్టం వస్తే ఒకరికొకరు నిలబడాలి. తెలుగు మాట్లాడే ఇల్లయినా, దెగ్లూరు వైపు చుట్టరికం ఉన్న మరాఠీ ఇల్లయినా, బీదర్ వైపు కన్నడ ఇల్లయినా, ఉర్దూ మాట్లాడే ఇల్లయినా ఈ మాటల్లో తేడా లేదు. చర్చికి వచ్చేవారు, గుడికి వెళ్లేవారు, మసీదుకు వెళ్లేవారు అందరూ ఒప్పుకునే మాటలే ఇవి.

మరి ఇన్ని మంచి విలువలు అందరికీ ఉన్నప్పుడు, ఒకే ఇంట్లో ఒకరు అలసిపోయి, ఇంకొకరు తీరిగ్గా ఎందుకు ఉంటున్నారు? ముసలి తల్లి మాత్ర ఎందుకు తప్పిపోతోంది? మా అభిప్రాయం ఒక్కటే. విలువను ఇంట్లో అందరూ నమ్ముతున్నారు, దాని పని మాత్రం ఒక్కరి మీదే పడుతోంది. ఆ పనిని పేరు పెట్టి, వేళ పెట్టి పంచుకోనంత కాలం ఆ విలువ నోటి మాటగానే మిగిలిపోతుంది.

సాయంత్రం చుట్టాలు, రాత్రి ఒక్కరు

ఆసుపత్రిలో పని చేసేవారికి ఒక కుటుంబం ఎలాంటిదో తెలుసుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. సాయంత్రం చూసే వేళకు వార్డు నిండిపోతుంది. కొబ్బరి బోండాలు, బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు వస్తాయి. ఒక్కో మంచం చుట్టూ పదిమంది నిలబడతారు. ఇది మంచిదే. రోగికి ధైర్యం కలుగుతుంది. మన ప్రాంతం మనుషులకు మనిషి మీద ఉన్న ప్రేమ అందులో కనబడుతుంది, దాన్ని మేము తక్కువ చేసి మాట్లాడడం లేదు.

రాత్రి తొమ్మిది దాటిన తర్వాత అదే మంచం పక్కన ఎవరు ఉన్నారో చూడండి. చాలాసార్లు ఒక్క ఆడమనిషి ఉంటుంది. కోడలో, కూతురో, భార్యో. నేల మీద చాప పరచుకుని, అర్ధరాత్రి సెలైన్ అయిపోతుందేమో అని లేచి చూస్తూ, బెడ్ ప్యాన్ తీస్తూ, తెల్లవారి బస్సుకు ఇంటికి పోయి పశువులకు నీళ్లు పెట్టి మళ్లీ వస్తుంది. మూడో రోజుకు ఆమె ముఖం రోగి ముఖం కన్నా వాడిపోతుంది. కొన్ని ఇళ్లలో ఆ మంచం పక్కన పద్నాలుగేళ్ల అమ్మాయి ఉంటుంది. నానమ్మకు తోడు ఉండడానికి బడి మాన్పించి తెచ్చిన పిల్ల. అదే ఇంట్లో ఆమె అన్న బడికి వెళుతూనే ఉంటాడు.

ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరూ ఆ ముసలామెను ప్రేమిస్తారు. కానీ ఈ రాత్రి ఎవరు ఉండాలి అని ఎవరూ కూర్చుని అనుకోలేదు. అనుకోకపోతే పని ఎప్పుడూ ఎదురు చెప్పలేని మనిషి మీదికే జారుతుంది.

వార్డులో మేము ఎలా నడుపుతాము

వార్డులో నర్సులందరికీ రోగుల మీద దయ ఉంటుంది. అయినా దయ ఉంది కదా అని రాత్రి రెండు గంటల ఇంజెక్షన్‌ను ఎవరి ఇష్టానికి వారికి వదిలిపెట్టము. డ్యూటీ చార్టు ఉంటుంది. మార్నింగు ఎవరు, ఈవినింగు ఎవరు, నైటు ఎవరు అని ముందే రాసి గోడకు అంటిస్తాము. ఒక షిఫ్టు వాళ్లు వెళ్లేటప్పుడు వచ్చేవాళ్లకు ఒక్కొక్క మంచం దగ్గర నిలబడి చార్జి అప్పగిస్తారు. ఈయనకు జ్వరం తగ్గింది, ఈమెకు రాత్రి మాత్ర ఇంకా ఇవ్వలేదు, ఆ పెద్దాయనను పక్కకు తిప్పవలసిన వేళ అయింది అని చెప్పి, రాసి వెళ్తారు.

లేవలేని రోగికి పడక పుండ్లు రాకుండా ఉండాలంటే సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. రోజుకు దాదాపు పన్నెండు సార్లు. ఎంత ప్రేమ ఉన్నా ఒక్క మనిషి ఇరవై నాలుగు గంటలు ఈ పని చేయలేదు. చేయబోతే రెండో రోజుకే తను కూడా పడిపోతుంది. ముగ్గురు పంచుకుంటే చేయగలరు. ఇది మనసుకు సంబంధించిన లెక్క కాదు, శరీరానికి సంబంధించిన లెక్క. నర్సు శరీరానికైనా, కోడలి శరీరానికైనా లెక్క ఒక్కటే.

మన సంఘ కుటుంబాలవారికి ఈ సందర్భంలో అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం గుర్తు చేస్తాము. యెరూషలేములోని మొదటి సంఘంలో ప్రేమకు కొదువ లేదు. ఆస్తులు అమ్మి తెచ్చి అందరూ పంచుకున్న రోజులవి. అయినా రోజూ పంచే ఆహారం విషయంలో కొందరు విధవరాండ్రకు అందడం లేదని ఫిర్యాదు వచ్చింది. అప్పుడు పెద్దలు ఇంకా ఎక్కువ ప్రేమించండి అని ప్రసంగం చేసి ఊరుకోలేదు. ఆ పని కోసం ఏడుగురిని పేర్లతో ఏర్పాటు చేశారు. అంత మంచి సంఘానికే పని పంచి పెట్టడం అవసరమైనప్పుడు, మన ఇళ్లకు అవసరం లేదని ఎలా అనుకుంటాము?

చివరి పొలం సంగతి

వంతు అంటే మన రైతులకు కొత్త మాట కాదు. మంజీర మీద నిజాంసాగర్ డ్యామ్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. డ్యామ్ కట్టినంత మాత్రాన ప్రతి పొలానికి నీళ్లు చేరలేదని మన ప్రాంతంలో అందరికీ తెలుసు. కాలువ మొదట్లో ఉన్నవారు తూము తెరుచుకుంటే చివరి పొలం ఎండిపోతుంది. అందుకే వంతులు వచ్చాయి, నీరు వదిలే నీరడి వచ్చాడు. నిజాంసాగర్ ఆయకట్టు చివరి భూములకు నీరు అందకపోవడం వల్లనే తర్వాతి కాలంలో గోదావరి నీటిని అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలతో ఇవ్వవలసి వచ్చింది.

ఇంట్లో కూడా ఒక చివరి పొలం ఉంటుంది. అందరూ తిన్నాక తినే మనిషి, అందరూ పడుకున్నాక పడుకునే మనిషి, అందరి జ్వరాలు తగ్గాక తన జ్వరం సంగతి చెప్పే మనిషి. ఎక్కువ ఇళ్లలో ఆ మనిషి కోడలు. చాలా ముసలివాళ్లయిన అత్తమామలు కూడా కొన్ని ఇళ్లలో చివరి పొలమే అవుతారు.

దీని ఫలితం రక్త పరీక్షలో కనబడుతుంది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో నూటికి 15.3 మందికి ఉంది. ఆడవారికి నెలసరి వల్ల, కాన్పుల వల్ల రక్తం పోతుంది, అది నిజమే. అయితే పోయిన రక్తాన్ని తిరిగి నింపేది తిండి. పప్పు అడుగంటిన తర్వాత, కూర అయిపోయిన తర్వాత, మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకుని తినే మనిషికి ఆ రక్తం ఎక్కడి నుండి వస్తుంది?

పంచుకుని తినాలి అనే విలువ మన ఇళ్లలో ఉంది. చుట్టం వస్తే మన గిన్నెలోది తీసి పెడతాము. ఆ విలువనే రోజూ ఇంట్లోని ఆడవారికి వర్తింపజేయమని అడుగుతున్నాము. కుదిరితే రోజుకు ఒక్క పూటైనా అందరూ ఒకేసారి కూర్చుని తినండి. పొలం పనుల వల్ల కుదరకపోతే వండగానే కోడలి వాటా పప్పు, కూర, గుడ్డు ఒక గిన్నెలో ముందే తీసి మూత పెట్టండి. ఆ గిన్నె తీసి పెట్టే పని అత్తగారు చేస్తే ఇంకా మంచిది. అత్తగారు తీసి పెట్టిన గిన్నెను ఇంట్లో ఎవరూ ముట్టరు.

ఐరన్ మాత్రలు ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. గర్భిణీలకు నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. మాత్ర వేసుకున్న వెంటనే చాయ తాగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. కనీసం గంట ఆగాలి. నిమ్మరసం, ఉసిరి, జామ వంటివి తింటే బాగా పడుతుంది. మాత్ర వేసుకున్నావా అని అడిగే బాధ్యత భర్త తీసుకోవాలి. ఇది చిన్న పనే. కానీ ఆ మాట అడిగే మొగుడున్న ఇంట్లో మాత్రల డబ్బా ఖాళీ అవుతుంది, అడగని ఇంట్లో గూట్లో మిగిలిపోతుంది.

పని గంటల సంగతి కూడా చూద్దాము. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో దేశం మొత్తం మీద ఇంటి పని చేసిన ఆడవారు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు గడిపారని, చేసిన మగవారు 88 నిమిషాలు గడిపారని తేలింది. అంటే దాదాపు అయిదు గంటలకు గంటన్నర. ఇది కూలి పని, పొలం పని కాకుండా. పత్తి ఏరే రోజుల్లో, సోయాబీన్ కోసే రోజుల్లో మన ఆడవారు పొలంలో మగవారితో సమానంగా ఉండి, ఇంటికి వచ్చి మళ్లీ ఈ అయిదు గంటలు పని చేస్తారు. ఆ తర్వాత ఆమెకు నడుము నొప్పి అని మా ఓ.పి.కి వస్తే మేము మాత్ర రాయించగలము. ఆ మాత్రతో పని తగ్గదు.

ముప్పయ్యొకటో తేదీ అన్నం

ఇప్పుడు పెద్దవారి విషయానికి వద్దాము. మన ఊళ్లలో పంపకాల రోజున పెద్దమనుషులు కూర్చుని పొలం, ఇల్లు, ఎడ్లు పంచుతారు. ఆ తర్వాత తల్లిదండ్రులను కూడా పంచుతారు. తల్లి పెద్దోడి దగ్గర, తండ్రి చిన్నోడి దగ్గర. లేదా నెలకొకరి ఇంట్లో వంతు. నెలలో ముప్పయ్యొకటో తేదీ అన్నం ఎవరు పెట్టాలి అనే తగాదాలు కూడా మీరు వినే ఉంటారు.

వంతులు మంచివి అని ఇంతసేపు చెప్పి, ఇప్పుడు వంతులను తప్పు పడుతున్నారేమిటని మీరు అడగవచ్చు. ఇక్కడే మేము గట్టిగా చెప్పదలచిన మాట ఉంది. వంతు పనికి పెట్టండి, మనిషికి పెట్టకండి. పెద్దవారు ఉన్నచోటే ఉండాలి, పని చేసేవారు వంతుల వారీగా మారాలి.

దీనికి వైద్యపరమైన కారణాలు ఉన్నాయి. డెబ్బై దాటిన వారికి రాత్రి లేచి బాత్రూముకు వెళ్లే దారి కాలికి అలవాటై ఉంటుంది. ఇల్లు మారితే గడప ఎక్కడుందో, మెట్టు ఎక్కడుందో తెలియక పడతారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ నడవడం చాలా కష్టం. మతిమరుపు ఉన్నవారికి చోటు మారితే గాభరా ఎక్కువవుతుంది. బి.పి., షుగరు మాత్రలు ఒక ఊరి సబ్ సెంటరులో రాయించుకుని ఉంటారు, వంతు మారి ఇంకో ఊరికి పోతే చీటీ ఒక ఇంట్లో, మనిషి ఇంకో ఇంట్లో ఉంటారు. నాలుగు రోజులు బి.పి. మాత్ర ఆగితే ఏమీ కాదులే అనుకుంటారు. పక్షవాతం వచ్చిన వారి ఇంటివాళ్లను ఎప్పటి నుండి మాత్ర ఆగింది అని అడిగినప్పుడు, మా దగ్గరికి వచ్చే ముందు నెల వాళ్ల వంతు అండీ అనే జవాబు రాకూడదని మా కోరిక. అన్నిటికన్నా ముఖ్యంగా, యాభై ఏళ్లు కలిసి బతికిన ముసలి దంపతులను ఆఖరి రోజుల్లో వేరు చేయకండి.

మరి ఒకే కొడుకు ఇంట్లో ఉంటే భారం ఆ ఇంటి మీద పడదా? పడుతుంది. అందుకే పని పంచుకోవాలి. పెద్దవారు ఉన్న ఇంటివాళ్లు చోటు ఇస్తున్నారు, వండి పెడుతున్నారు. రెండో కొడుకు మందుల ఖర్చు పెట్టుకోవాలి, నెలకొకసారి పరీక్షకు తానే తీసుకురావాలి. కూతురు పండుగలకు మాత్రమే కాకుండా, నెలకు నాలుగు రోజులు వచ్చి ఉంటే ఆ నాలుగు రోజులు వదిన పుట్టింటికి పోయి రావచ్చు. మనవడు రోజూ సాయంత్రం తాతను వాకిట్లో నడిపించవచ్చు.

2007లో మన దేశంలో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు చూసుకోకపోతే పెద్దవారు ఆర్డీఓ స్థాయి అధికారి ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం దానికి ఉంది. పెద్దవారి కోసం 14567 అనే ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది. ఈ చట్టంలో ఒక విషయం మాత్రం అందరూ గమనించాలి. బాధ్యత ఎవరిది అంటే కొడుకుది, కూతురుది, వయసు వచ్చిన మనవడిది, మనవరాలిది అని చట్టం చెప్పింది. అందులో కోడలి పేరు లేదు. చట్టం ఎవరి పేరు రాయలేదో, మన ఇళ్లలో ఆమె మీదే మొత్తం పని పడి ఉంది. ఎవరి పేర్లు రాసిందో వాళ్లు సాయంత్రం బత్తాయిలు తెచ్చి వెళ్తున్నారు. కోడలు చూసుకోవడం ఆమె మంచితనం. ఆ మంచితనాన్ని అడ్డం పెట్టుకుని కొడుకులు, కూతుళ్లు తప్పుకోకూడదు.

దూరంగా ఉన్నవారి వాటా

మన ప్రాంతం నుండి చాలామంది దుబాయి, మస్కట్, సౌదీలకు పోయారు. ఇంకొందరు హైదరాబాదులో, బొంబాయిలో పని చేసుకుంటున్నారు. దూరంగా ఉన్నవారు డబ్బు పంపితే బాధ్యత తీరింది అనుకుంటారు. అక్కడి ఎండలో నిలబడి, తాము తక్కువ తిని పంపే డబ్బు అది. దాని విలువ మాకు తెలుసు. అయినా డబ్బు ఒక్కటే పంపితే ఇంట్లో ఉన్న మనిషి ఒంటరిదవుతుంది. నిర్ణయాలన్నీ ఆమె నెత్తిన పడతాయి, మాట మాత్రం ఆమెకు ఉండదు.

దూరం నుండి కూడా చేయగల పనులు ఉన్నాయి. ఇప్పుడు ఫోనులో ముఖం చూసి మాట్లాడే వీలుంది. వారానికి ఒక వేళ నిర్ణయించుకోండి. బాగున్నారా అని అడిగి ఆపకుండా, మాత్రల డబ్బా చూపించు అమ్మా అని అడగండి. మాత్రలు ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టండి. పిల్లవాడి పుస్తకం తెరిపించి ఒక పాఠం చదివించుకోండి. ఇంటి దగ్గర భార్య రాత్రింబవళ్లు మీ తల్లిని చూసుకుంటుంటే, ఆ మాట పదిమంది వినేలా చెప్పండి. డబ్బు ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతాకు పంపండి. అత్యవసరంగా ఆసుపత్రికి తేవలసి వస్తే ఎవరిని అడగకుండా ఎంత ఖర్చు పెట్టవచ్చో ముందే చెప్పి ఉంచండి. ఫోను కలవలేదని, ఆయన ఒప్పుకోవాలని రోగిని ఇంట్లో ఉంచుకుని ఒక పూట పోగొట్టుకోవడం చాలా ప్రమాదం. గుండెనొప్పిలో, పక్షవాతంలో, కాన్పులో ఒక పూట అంటే ప్రాణంతో సమానం.

వేరే పళ్లెం

కలిసి తినడం గురించి చెప్పాము కాబట్టి ఒక మాట కలపాలి. జబ్బు వచ్చినప్పుడే విలువకు పరీక్ష వస్తుంది. మన పాత నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లిలో స్కాట్లాండు నుండి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్టు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ పెద్ద మొత్తం విరాళం ఇచ్చారు. ఒకరు క్రైస్తవ మిషనరీ, ఒకరు హిందూ దాత. ఆ రోజుల్లో కుష్టు వస్తే సొంత ఇంటివాళ్లే బయటికి పంపేవారు. అప్పుడు సరైన మందు లేదు, భయానికి కారణం ఉంది.

ఇప్పుడు ఆ కారణం లేదు. బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా దొరుకుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుండి ఇంకొకరికి సోకదు. టి.బి. విషయంలో మొదటి రోజుల్లో దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, గాలి వెలుతురు ఉన్న చోట పడుకోవాలి, ఇంటివాళ్లంతా పరీక్ష చేయించుకోవాలి. అంతేగాని టి.బి. పళ్లెం వల్ల, గ్లాసు వల్ల అంటుకోదు. మందులు సాగుతున్న మనిషికి వాకిట్లో వేరే పళ్లెం పెట్టే ఇల్లు, కష్టంలో ఒకరికొకరం అనే మాటను ఆ పళ్లెంతోనే బయట పడేస్తోంది. ఆరు నెలల మందు మధ్యలో ఆపే వారిలో అవమానం భరించలేక ఆపేవారు కూడా ఉన్నారు. కాబట్టి జబ్బు మనిషి పళ్లెం లోపలికి తేవడం కూడా వైద్యంలో భాగమే.

ఇంట్లో లెక్కలేమిటి అనేవారికి

ఇలా చెబితే కొందరు పెద్దలకు నచ్చదని తెలుసు. ఇల్లు ఆసుపత్రి కాదు కదా, ప్రేమకు లెక్కలేమిటి, మా అమ్మ ఎప్పుడైనా లెక్క అడిగిందా అంటారు. ఆ మాటలో నిజం ఉంది. మన తల్లులు అడగలేదు. అడగకుండానే నలభై ఏళ్లకే మోకాళ్లు పోగొట్టుకున్నారు, రక్తం లేక కాన్పుల్లో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అడగకపోవడం వాళ్ల గొప్పతనం అయి ఉండవచ్చు, చూస్తూ ఊరుకోవడం మిగతావారి గొప్పతనం కాదు.

ఇంకొందరు మగవాడు వంట చేస్తే నలుగురు నవ్వుతారంటారు. మన ప్రాంతంలో పెళ్లిళ్లకు వందల మందికి వండేది ఎక్కువగా మగవాళ్లే. గల్ఫులో గదుల్లో వండుకుని, బట్టలు ఉతుక్కుని బతికేది మన మగవాళ్లే. చేతనైన పనిని సొంత ఇంట్లో చేయడానికి సిగ్గెందుకు? మా దగ్గర కూడా భార్య ఆపరేషను అయినప్పుడు పక్కనే ఉండి తల దువ్వి, అన్నం తినిపించే భర్తలను చూస్తూ ఉంటాము. వార్డులో ఎవరూ వాళ్లను చూసి నవ్వరు. పక్క మంచాల ఆడవాళ్లు ఆమె అదృష్టం గురించి మాట్లాడుకుంటారు. అది అదృష్టంగా కాక మామూలు విషయంగా మారాలని మా ఆశ.

పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విలువలు పిల్లలకు చెబితే రావు, చేయిస్తే వస్తాయి. ఎనిమిదేళ్ల మగపిల్లవాడు తన పళ్లెం తాను కడగగలడు. పదేళ్ల వాడు నానమ్మకు నీళ్లు, మాత్ర అందించగలడు. పన్నెండేళ్లకు చెల్లెలికి జడ వేయడం కూడా నేర్చుకోవచ్చు. ఆడపిల్లకు పని నేర్పి మగపిల్లవాడికి నేర్పకపోతే, రేపు ఆ అబ్బాయి భార్య మన వార్డులో ఒంటరిగా చాప పరచుకుని కూర్చుంటుంది. ఒక విషయంలో మాత్రం మేము రాజీపడము. రోగికి తోడు ఉండడానికి ఆడపిల్లను బడి మాన్పించి తీసుకురాకండి. పెద్దవారిలో ఎవరి వంతో ముందు తేల్చుకోండి.

ఎలా మొదలుపెట్టాలి

పెద్ద ఏర్పాట్లు ఏమీ అక్కరలేదు. మీ ఇంట్లో గోడకు క్యాలెండరు ఉంటుంది. పాలు ఎన్ని పోశారు, గ్యాసు ఎప్పుడు వచ్చింది, కూలి ఎన్ని రోజులు అని దాని మీదే రాస్తారు కదా. పని వంతులు కూడా దాని మీదే రాయండి. వారానికి ఒక సాయంత్రం, ఆదివారమైతే సౌకర్యం, పదిహేను నిమిషాలు టి.వి. ఆపి అందరూ కూర్చోండి. ముసలివారిని, పిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి. ఈ ప్రశ్నలు అడగండి.

ఈ వారం ఇంట్లో ఎవరు ఎక్కువ అలసిపోయారు? పెద్దవారి మాత్రలు, పరీక్షలు ఈ వారం ఎవరు చూస్తారు? ఎవరికైనా ఒంట్లో బాగాలేక చెప్పకుండా ఉన్నారా? ఎవరి పనిలో ఏది ఇంకొకరు తీసుకోగలరు?

మూడో ప్రశ్న అడిగిన తర్వాత కాసేపు ఆగండి. చాలామంది ఆడవారు మొదటిసారి ఏమీ లేదు అంటారు. రెండోసారి అడిగితే తెల్లబట్ట గురించో, రొమ్ములో గడ్డ గురించో, ఆరు నెలల నుండి ఉన్న నొప్పి గురించో నెమ్మదిగా బయటికి వస్తుంది. అందరి ముందు చెప్పలేకపోతే అత్తకో, వదినకో, ఆశా కార్యకర్తకో చెప్పేలా వీలు కల్పించండి. ఆలస్యంగా వచ్చిన జబ్బులలో చాలావాటిని ఇంట్లో ఎవరో ఒకరు అడిగి ఉంటే ముందే పట్టుకోగలిగేవారము.

ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరవలసి వస్తే, బయలుదేరే ముందే మూడు పేర్లు రాసుకోండి. పగలు ఎవరు, రాత్రి ఎవరు, ఇంటి దగ్గర పిల్లలను, పశువులను ఎవరు చూస్తారు. రాత్రి పేరు రోజూ ఒక్కటే కాకుండా చూసుకోండి. మారేటప్పుడు మందుల సంగతి ఒకరికొకరు చెప్పి మారండి. మా సిస్టర్లను అడిగితే ఏమి చెప్పాలో నేర్పిస్తారు.

ఒంటరి మహిళలు, పిల్లలు లేని వృద్ధులు కూడా మన సంఘంలో, మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల క్యాలెండరు మీద రాయడానికి పేర్లు లేవు. పక్కింటివారు, సంఘంలోని స్త్రీల సమాజం, యువకులు తలా ఒక రోజు తీసుకుంటే వాళ్లకు కూడా ఒక కుటుంబం ఏర్పడుతుంది. కుటుంబం అనే మాటను రక్త సంబంధం దగ్గరే ఆపవలసిన పని లేదు.

ఈ నెలలో అన్నీ మార్చమని మేము అడగడం లేదు. ఇంతవరకు ఒక్కరే చేస్తున్న పనుల్లో ఒక్కదాన్ని తీసుకుని ఇంకొకరి పేరు రాయండి. నెల రోజులు నడిపి చూడండి. ఆ తర్వాత మరొకటి. మా దగ్గరికి పరీక్షకు వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏ పని చేతులు మారిందో మా సిస్టర్లకు చెప్పండి. వినడానికి మాకు సంతోషంగా ఉంటుంది, ఇంకో ఇంటికి చెప్పడానికి ఉపయోగపడుతుంది.

మీ ఇళ్లలో అందరూ వేళకు తిని, వేళకు నిద్రపోయి, ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటూ,

నర్సింగ్ సూపరింటెండెంట్,
నర్సింగ్ విభాగం తరపున